తెర చిన్నదైతే ఎవరిని వదలాలి?

జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ అనే పోరాట ఆటను వీడియో గేమ్ పార్లర్లకు తెచ్చింది. మనిషెత్తు పెట్టె, రంగుల తెర, ఒక జాయ్‌స్టిక్, ఆరు బటన్లు. గుద్దులకు మూడు, తన్నులకు మూడు. తేలిక, మధ్యస్థం, బలం అని దెబ్బకు మూడు స్థాయిలు.

1995లో ఇదే ఆటను చేతిలో పట్టుకుని ఆడే ‘గేమ్ బాయ్’ కోసం మార్చారు. పార్లర్ తెర మీద అడ్డంగా 384, నిలువుగా 224 చుక్కలుంటే గేమ్ బాయ్‌కి 160, 144. పిల్లల చేత గుణించి చూపించండి: 86,016 ఎక్కడ, 23,040 ఎక్కడ! పాతిక వంతుకు కాస్త ఎక్కువ. రంగులు పోయి నాలుగు ఛాయలే మిగిలాయి. దెబ్బలకు రెండే బటన్లు.

బటన్ల చిక్కును తెలివిగా విడదీశారు. బటన్‌ను ఇలా నొక్కి అలా వదిలితే తేలిక దెబ్బ, కాసేపు నొక్కి ఉంచితే గట్టి దెబ్బ. మీటలు తగ్గినా దెబ్బల్లో తేడా మిగిలింది. పాత్రల విషయంలో మాత్రం కోత తప్పలేదు. పన్నెండు మంది యోధుల్లో తొమ్మిది మందే వచ్చారు. పోయిన ముగ్గురిలో ధాల్సిమ్ ఒకడు. ఆ ఆటలో భారతీయుడు అతనొక్కడే.

ఈ ఉదాహరణను మేము తెలుగు పీరియడ్‌లో వాడుతున్నాం. ఆట ఆడించనక్కర్లేదు, కొననక్కర్లేదు. అది ఎలా తయారైందో చెబితే చాలు. తర్వాత ఏడు చేపల కథను పది వాక్యాల్లో రాయమంటాం. ఉంచినవేవో, వదిలినవేవో పక్కన రాసి, ప్రతి కోతకూ కారణం చెప్పాలి. ఏడుగురు రాకుమారులు ముగ్గురైనా కథ నిలుస్తుంది. చీమను తీసేస్తే కథే లేదు. చిన్నదని దేన్నీ కొట్టేయకూడదని పిల్లలకు అక్కడ బోధపడుతుంది.

ఇది మనకూ వర్తించే పాఠమే. రాష్ట్రం ఏదైనా, మన బడుల్లో తెలుగుకు దొరికే సమయం తక్కువ. పరీక్షలు దగ్గరపడితే ముందుగా కోత పడేది కథ చెప్పడానికి, పద్యం రాగం తీసి చదవడానికి. మార్కులు రావు కదా అనుకుంటాం. కానీ పిల్లలకు భాష మీద ఇష్టం పుట్టేది అక్కడే.

ఉపాధ్యాయ మిత్రులారా, పాఠం కుదించే ముందు మనమూ ఆ రెండు జాబితాలు రాసుకుందాం. తల్లిదండ్రులకు ఒక మనవి: ఈ వారం తెలుగులో ఏం వదిలేశారని బడిలో అడగండి. అందులో ఒక్కటైనా రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు చెప్పండి. బడి గంటలో పట్టనిది ఇంట్లోనైనా మిగలాలి.