ఏటి మేటి పోరు

క్రీడాలోకమున బహుమతులకు కొదువ లేదు. అయితే అవి చాలవరకు గెలిచినవానికి దక్కునవే. ఓడినవాని పేరును గెలిచినవాని పేరు సరసనే వ్రాసి, ఇరువురను సమానముగా మన్నించు గౌరవము అరుదు. అమెరికాలో నెలకొన్న ‘ది రింగ్’ అను పత్రిక ఏటేట ప్రకటించు ‘ఏటి మేటి పోరు’ అట్టి గౌరవము. వృత్తి ముష్టియుద్ధములలో ఆ సంవత్సరమునకు ఉత్తమమైన దానిని ఎన్నుకొని, ఆ పోరునకే ఈ మన్నన నిత్తురు.

వృత్తి ముష్టియుద్ధ మనగా నేమి? బాక్సింగ్ అని మనము పిలుచు ఈ క్రీడ రెండు తెరగులు. ఒలింపిక్ క్రీడలలో కానవచ్చునది మొదటిది. నిజామాబాదు యువతి నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ప్రపంచ విజేతగా నిలిచినది ఇందులోనే. అచ్చట మూడేసి నిమిషముల రౌండ్లు 3 మాత్రమే. రెండవది జీవనోపాధిగా సాగునది. ఇందు ప్రపంచ పదవికై పురుషులు తలపడునప్పుడు నేడు 12 రౌండ్లు జరుగును. రౌండునకు 3 నిమిషములు, నడుమ 1 నిమిషము విశ్రాంతి. దెబ్బ తిని పడినవాడు రిఫరీ పది లెక్కించులోపల లేవవలెను, లేవనిచో ఓటమియే. ఇరువురును కడవరకు నిలిచినచో, బరి ప్రక్కన కూర్చుండిన ముగ్గురు నిర్ణేతలు రౌండు వారీగా వేసిన మార్కులనుబట్టి జయాపజయములు తేలును.

‘ది రింగ్’ పత్రికను 1922లో నాట్ ఫ్లైషర్ అను పాత్రికేయుడు స్థాపించెను. దానికి ముందటి యేడు, 1921 జూలై 2వ తేదీన, జెర్సీ సిటీలో డెంప్సీ, కార్పెంటియర్‌ల నడుమ జరిగిన పోరు రేడియోలో ప్రసారమైనది. రేడియో శ్రోతలకు అందిన తొలి గొప్ప క్రీడాఘట్టములలో అది యొకటి. ముష్టియుద్ధమునకును రేడియోకును గల చెలిమి అంత పాతది.

పత్రికవారి మేటి పోరుల పట్టిక 1945తో మొదలగుచున్నది. ఆ యేటి గౌరవము రాకీ గ్రాజియానో, ఫ్రెడ్డీ కాక్రేన్‌ల పోరునకు దక్కినది. 1946లో గ్రాజియానోను టోనీ జేల్ ఆరవ రౌండున పడగొట్టెను; 1947లో జేల్‌ను గ్రాజియానో అదే ఆరవ రౌండున ఓడించెను. రెండును ఆయా యేండ్ల మేటి పోరులే.

మేటి పోరు ననగా నెట్టిది? దీనిని తూచుటకు తూనికరాళ్లు లేవు. ఎన్నికైన పోరులను పరిశీలించినచో మాత్రము కొన్ని లక్షణములు కనబడును. మొదటిది, గెలుపు ఎవరిదో తుదివరకు తెలియకుండుట. 1950లో డెట్రాయిట్ నగరమున లమోటా అను వీరుడు మార్కులలో వెనుకబడి, 15వ రౌండు ముగియుటకు 13 సెకండ్లు మిగిలియుండగా ఫ్రెంచి వీరుడు దోతుయ్‌ని నేల గూల్చెను. రెండవది తీవ్రత. 1985లో హాగ్లర్, హెర్న్స్‌ల పోరు 3వ రౌండులోనే ముగిసినను, ఆ యెనిమిది నిమిషములే దానిని పట్టిక కెక్కించినవి. మూడవది, పడి లేచుట. 2005లో కోరాలెస్ 10వ రౌండున రెండు మారులు పడి, రెండు మారులును లేచి, ఆ రౌండులోనే కాస్తీయోపై విజయము సాధించెను.

ఇచ్చట ఒక సందేహము కలుగక మానదు. మనము మెచ్చుకొను ఈ ఓర్పునకు దేహము చెల్లించు మూల్య మెంత? తలపై పదేపదే పడు దెబ్బలు మెదడునకు తీరని హాని చేయగలవని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో మాన్సినీతో పోరాడి, 14వ రౌండున కూలిన కొరియా యువకుడు డుక్ కూ కిమ్ కొలది దినములలోనే మరణించెను. ఆ విషాదము పిమ్మటనే ప్రపంచ పదవి పోటీలు క్రమముగా 15 రౌండ్ల నుండి 12కు తగ్గినవి.

1975 నాటి మేటి పోరు ఈ సందేహమునకు కొంత సమాధాన మిచ్చును. ఫిలిప్పీన్ దేశమున అక్టోబరు 1వ తేదీన మహమ్మదాలీ, జో ఫ్రేజియర్‌లు మూడవసారి తలపడిరి. 14 రౌండ్లు గడచుసరికి ఫ్రేజియర్ కన్నులు వాచి చూపు మందగించెను. ఇంక మిగిలినది ఒక్క రౌండే. ఫ్రేజియర్ పోరాడుదు ననెను. కాని అతని శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఇక చాలునని ఆపివేసెను. అందువలన ఆ పోరు గొప్పతనము తగ్గలేదు. ఎప్పుడు ఆపవలెనో ఎరిగిన పెద్దమనిషి ఒకడు మూలన నిలిచియుండుట ఈ క్రీడకు ఎంత అవసరమో దానివలన తెలిసినది.

మరొక జంటను తలచుకొందము. ఆర్టురో గాట్టి, మికీ వార్డ్‌లు ముమ్మారు పోరాడిరి. 2002 నాటి మొదటి పోరును, 2003 నాటి మూడవ పోరును ఆయా యేండ్ల మేటివిగా ఎన్నికైనవి. మొదటిదానిలో వార్డ్, తక్కిన రెంటిలో గాట్టి గెలిచిరి. మూడవ పోరుతో వార్డ్ బరిని విడిచెను. ఇరువురును ఆప్తమిత్రులైరి. గాట్టి 2007లో చివరిసారి పోరాడినప్పుడు అతనికి శిక్షకుడై నిలిచినవాడు వార్డే. మరణానంతరము తన మెదడును బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధనకు ఇత్తునని వార్డ్ ప్రకటించుట, తా నాడిన ఆటలోని అపాయమును అతడు ఎరిగియుండుటకు నిదర్శనము.

రెండు చేతులు కలిసిననే చప్పట్లు. సాటియైన ప్రత్యర్థి లేనిచో ఎంతటి బలశాలియైనను తన బలమును లోకమునకు చూపజాలడు. ఏటేట ఒక జంట పేర్లను కలిపి ప్రకటించు ఈ ఆచారము ఆ ఋణమును గుర్తించుచున్నది. ఆ రెండు పేర్లను చదువునప్పుడు వారి పరాక్రమముతో పాటు, వారిరువురును పడిన బాధను కూడ తలచుకొనుట న్యాయము.