తులం బంగారంలో బరువు ఎక్కడుంది?

కొట్లో తులమంటే ఇప్పుడు 10 గ్రాములు. మేలిమి బంగారమైతే అందులో 3 పక్కన 22 సున్నాలు పెట్టినన్ని పరమాణువులుంటాయి. ఒక్కో పరమాణువులో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు, 79 ఎలక్ట్రాన్లు. ప్రోటాన్లు 79 కాబట్టే అది బంగారం. ఒకటి తగ్గితే ప్లాటినం, ఒకటి పెరిగితే పాదరసం.

పసుపు పచ్చగా మెరవడం, తీగలా సాగడం, కరెంటును పోనివ్వడం, ఇవన్నీ ఎలక్ట్రాన్ల చలవే. బరువు మాత్రం వాటిది కాదు. ఒక్క ప్రోటాన్‌కు సరితూగాలంటే 1,836 ఎలక్ట్రాన్లు కావాలి. తులంలోని ఎలక్ట్రాన్లన్నీ కలిపినా 2 మిల్లీగ్రాముల పైచిలుకే. మిగతాదంతా ప్రోటాన్లు, న్యూట్రాన్లు ముడిపడి ఉండే కేంద్రకానిది. ఆ కేంద్రకం అడ్డుకొలత చూస్తే పరమాణువులో సుమారు 20 వేలో వంతు!

1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్న గైగర్, మార్స్‌డెన్ బంగారంతో సహా రకరకాల లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను వదిలారు. చీకట్లో కూర్చుని, తెర మీద మిణుకుమనే మెరుపులను సూక్ష్మదర్శినిలోంచి చూస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టారు. దాదాపు అన్ని కణాలూ దూసుకుపోయాయి. ఏ కొన్నో మాత్రం వెనక్కి తిరిగాయి; ప్లాటినం మీదైతే సుమారు 8 వేలకు ఒకటి. అంత ఓపికగా పట్టుకున్న ఆ ఒక్కదాని వల్లే 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం ఉందని తేల్చగలిగాడు. న్యూట్రాన్ చాడ్విక్‌కు దొరికింది 1932లో.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించే లెక్క మరొకటుంది. తులంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లను విడివిడిగా తూచి కూడితే 10.085 గ్రాములు రావాలి. వచ్చేది 10 గ్రాములే. ఈ 85 మిల్లీగ్రాములు కంసాలి చేతిలో పోయిన తరుగు కాదు. విడి కణాలు కలిసి కేంద్రకాలుగా ముడిపడే క్రమంలో శక్తిగా మారి వెళ్లిపోయిన ద్రవ్యరాశి అది. కరెంటు లెక్కలో చెబితే దాదాపు 21 లక్షల యూనిట్లు.

మిగిలిన 10 గ్రాములైనా గట్టి సరుకేనా అంటే, అదీ కాదు. ప్రతి ప్రోటాన్‌లోనూ, న్యూట్రాన్‌లోనూ మూడేసి క్వార్కులుంటాయి. వాటి సొంత ద్రవ్యరాశి 1 శాతం దగ్గరే ఆగిపోతుంది; తులంలో సుమారు 0.1 గ్రాము. కాటా మీద చూపించే తక్కిన 9.9 గ్రాములూ ఆ క్వార్కుల చలనంలో, వాటిని విడిపోకుండా పట్టి ఉంచే గ్లువాన్లలో ఉన్న శక్తి.