మోకాలు వంగకపోతే అన్నిటికీ వయసే కారణమా?

ఈ రోజుల్లో మస్జిదుల్లో సఫ్ చివర కుర్చీలు మామూలైపోయాయి. నిలబడి నమాజు చేయలేనివాళ్ళకు కూర్చుని చేసే వెసులుబాటు ఉంది, అందులో తప్పులేదు. కానీ మోకాలు ఎందుకు బిగుసుకుందో తెలుసుకోకుండా 'అరిగిపోయింది లే' అని వదిలేస్తేనే నష్టం. కొన్ని అరుదైన కారణాలు కూడా ఉంటాయి. ఒక్కోదానికి వైద్యం ఒక్కోలా ఉంటుంది.

మొదటిది నీళ్ళు. తాడిపత్రి లాంటి కరువు ప్రాంతాల్లో చాలామందికి బోరునీళ్ళే దిక్కు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరోసిస్ రావచ్చు. నడుము, మెడ, కీళ్ళు బిగుసుకుపోతాయి. పిల్లలకైతే కాళ్ళు వంకర తిరుగుతాయి. మన దేశంలో ఈ ఎముకల జబ్బును 1937లో నెల్లూరు ప్రాంతంలో మొదటిసారి వివరించారు. వంకర కాళ్ళను ఎముక కోసి సరిచేయవచ్చు. ఒళ్ళంతా పట్టిన బిగువును మాత్రం ఏ ఆపరేషనూ తీయలేదు. నీళ్ళు మరిగించినా ఫ్లోరైడ్ పోదు, తాగే నీళ్ళే మార్చుకోవాలి.

రెండోది సూదులు. పసితనంలో తొడకు పదేపదే ఇంజెక్షన్లు వేయిస్తే, తొడ ముందు కండరం పీచుకట్టి పొట్టిదైపోవచ్చు. పెద్దగా నొప్పి ఉండదు, కానీ బిడ్డ మోకాళ్ళు మడిచి కింద కూర్చోలేడు. క్వాడ్రిసెప్స్‌ప్లాస్టీ అనే ఆపరేషన్‌లో అతుక్కున్న కండరాన్ని విడదీస్తారు. ఆలస్యం చేస్తే కీలు ఆకారమే మారిపోతుంది.

మూడోది చాలా అరుదు, పేరు ఆల్కాప్టోన్యూరియా. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఇది వస్తుంది. అందుకే దగ్గరి చుట్టరికం పెళ్ళిళ్ళున్న కుటుంబాల్లో ఎక్కువ. మూత్రం కాసేపు ఉంచితే నల్లబడుతుంది. ముప్పై దాటాక నడుము, ఆ తర్వాత మోకాళ్ళు పట్టేస్తాయి. లోపల మృదులాస్థి నల్లగా మారి పెళుసవుతుంది. బాగా పాడైతే మోకీలు మార్పిడి చేస్తారు.

నడుస్తుండగా మోకాలు ఉన్నట్టుండి ఇరుక్కుపోతే, లోపల చిరిగిన పొరో విరిగిన ముక్కో అడ్డుపడి ఉండొచ్చు. చిన్న రంధ్రాలతో చేసే ఆర్థ్రోస్కోపీతో దాన్ని సరిచేస్తారు. వాపు, వేడి, జ్వరం కలిసి వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి.

డాక్టర్ దగ్గరకు వెళ్ళినప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారో, చిన్నప్పుడు ఏ సూదులు వేయించారో, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందో చెప్పండి. ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీ మానేస్తే మోకాలు మళ్ళీ బిగుసుకుంటుంది. కుర్చీ వేసుకోండి, ఫర్వాలేదు. కానీ ముందు కారణం కనుక్కోండి.