చదివేశాక మళ్లీ వెతకడం ఎందుకు?

‘మా అన్నయ్య అగ్రికల్చర్ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఎండాకు తెగులును తట్టుకునే సాంబ మసూరి డీఎన్‌ఏ మీద పని. ఆ డీఎన్‌ఏని మెషీను ఎప్పుడో చదివేసిందట. అయినా రాత్రంతా ల్యాప్‌టాప్‌లో నల్ల తెర మీద ఏదో “మ్యాపింగ్” నడుస్తూనే ఉంటుంది. చదివేశాక ఇంకా వెతకడం ఏమిటి?’ అని ఇంటర్ బైపీసీ చదివే ఒక అమ్మాయి అడిగింది.

మెషీను చదివిన మాట నిజమే తల్లీ. కానీ వరి డీఎన్‌ఏని అది మొదటినుంచి చివరిదాకా ఒక్క వరసలో చదవలేదు. నూట యాభై అక్షరాల చొప్పున చిన్న చిన్న ముక్కలు చదివింది. ఏ ముక్క ఎక్కడిదో దానికి తెలియదు. ఇలాంటి ముక్కనే రీడ్ అంటారు.

అంత చిన్న ముక్కలే ఎందుకు? కోలాటం చూశావు కదా. మొదట్లో కర్రలన్నీ ఒక్కసారే మోగుతాయి. ఆట సాగేకొద్దీ ఒకరు వెనకబడతారు, ఇంకొకరు ముందుకు పోతారు. కాసేపటికి దెబ్బ ఎక్కడ పడుతోందో చెవికి తెలియదు. మెషీనులో జరిగేదీ అదే. ఒకే డీఎన్‌ఏ ముక్కకు వందల నకళ్లు ఒకచోట గుంపుగా ఉంటాయి. ఒక్కో అక్షరం చేరినప్పుడల్లా గుంపంతా ఒకే రంగులో వెలగాలి. కొన్ని నకళ్లు ఒక అడుగు వెనకబడతాయి, కొన్ని ముందుకు పోతాయి. నూట యాభై అక్షరాలు దాటేసరికి రంగులు కలిసిపోయి చదువు మసకబారుతుంది. ఒక్కసారిగా వేల అక్షరాలు చదివే వేరే మెషీన్లు కూడా వచ్చాయి. అయినా ఈ పొట్టి ముక్కలే చవక, తప్పులు కూడా తక్కువ. అందుకే ఇప్పటికీ ఎక్కువగా ఇవే వాడతారు.

వరి జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ పాఠం, దాదాపు 39 కోట్ల అక్షరాలు. ఒక్కో చోటును సగటున ముప్పైసార్లు చదివించారనుకుందాం. అప్పుడు మీ అన్నయ్య చేతికి దాదాపు 8 కోట్ల ముక్కలు వస్తాయి. ఒకే పుస్తకం ముప్పై ప్రతులను కత్తిరించి ఒకే బస్తాలో పోసినట్టన్నమాట. అయితే పోల్చి చూసుకోవడానికి చిరగని పుస్తకం ఒకటి ఉంది. అది నిప్పన్‌బారే అనే జపాన్ వరి జీనోమ్. పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి చదివి 2005లో ప్రకటించారు. పదకొండో క్రోమోజోమ్‌లో కొంత భాగం మన దేశం చదివిందే. ఈ చిరగని పుస్తకాన్నే రెఫరెన్స్ అంటారు. ప్రతి ముక్కకూ ఈ రెఫరెన్స్‌లో దాని చోటు వెతికి పెట్టడమే మ్యాపింగ్.

ఒక్కో ముక్కనూ 39 కోట్ల చోట్లా పెట్టి చూస్తే సరిపోదా? లెక్క వేద్దాం. 8 కోట్లను 39 కోట్లతో గుణించాలి. కంప్యూటర్ సెకనుకు వంద కోట్ల చోట్లు చూసినా పని పూర్తికావడానికి ఏడాది పడుతుంది.

మరి ఎలా? నిఘంటువులో మాట వెతికేటప్పుడు మనం మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోము. మాటలన్నీ అకారాది క్రమంలో ఉన్నాయి కనుక నేరుగా ఆ పేజీకే వెళతాం. జీనోమ్‌లో మాటలు లేవు, ఖాళీలు లేవు. అయినా దాన్నీ నిఘంటువులా పేర్చవచ్చు. ‘గలగల’ అనే మాట తీసుకో. ప్రతి అక్షరం దగ్గర మొదలుపెట్టి చివరిదాకా రాస్తే నాలుగు వరసలు వస్తాయి: గలగల, లగల, గల, ల. వీటిని అకారాదిలో పెడితే గల, గలగల, ల, లగల అవుతాయి. ఇప్పుడు ‘గల’ ఎక్కడుందో వెతుకు. మొదటి రెండు వరసలూ దానితోనే మొదలయ్యాయి, పైగా పక్కపక్కనే ఉన్నాయి. ఎంత పెద్ద పాఠమైనా ఇంతే. ఒకే ముక్కతో మొదలయ్యే వరసలన్నీ ఒక్కచోట చేరతాయి.

కోట్ల అక్షరాల జీనోమ్‌కు ఈ వరసలను ఉన్నవి ఉన్నట్టు దాచాలంటే మెమరీ చాలదు. ఇక్కడ నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. 1994లో బరోస్, వీలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్ ఫైళ్లను కుదించడానికి ఒక ఉపాయం ప్రకటించారు. వాళ్ల దృష్టిలో డీఎన్‌ఏ లేదు. పేర్చిన వరసల సారాన్ని చిన్న జాగాలో దాచి, అందులోనే వెతకడం ఆ ఉపాయంతో సాధ్యమైంది. దాని మీదే 2009లో బౌటై, బీడబ్ల్యూఏ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 300 కోట్ల అక్షరాల మనిషి జీనోమ్‌లో వెతకడం కూడా మామూలు కంప్యూటర్‌కు అందుబాటులోకి వచ్చింది. మీ అన్నయ్య మొదట ‘ఇండెక్స్’ అని ఒక ఆజ్ఞ ఇచ్చి ఉంటాడు. అది ఈ నిఘంటువును తయారుచేసే పని. ఒక రెఫరెన్స్‌కు ఒక్కసారి చేసుకుంటే చాలు.

అయితే ముక్కలు రెఫరెన్స్‌తో అక్షరం అక్షరం కలవవు. మెషీను అప్పుడప్పుడూ తప్పు చదువుతుంది. పైగా సాంబ మసూరి, నిప్పన్‌బారే ఒకే రకం కావు. అందుకే సాఫ్ట్‌వేర్ ముక్కలోంచి కొంత భాగాన్ని తీసుకుని అది అచ్చంగా కలిసే చోటు పట్టుకుంటుంది. అక్కణ్నుంచి అటూ ఇటూ తేడాలను ఓర్చుకుంటూ మిగతాది సరిచూస్తుంది. ఒకే చోట ముప్పై ముక్కలుంటే, ఒక్కదానిలోనే కనిపించిన తేడా బహుశా మెషీను తప్పు. ముప్పైలోనూ కనిపిస్తే అది ఆ వరి సొంత లక్షణం. వెతుకులాటంతా ఆ తేడాల కోసమే.

‘గలగల’లో ‘గల’ రెండు చోట్ల దొరికింది, గుర్తుందా? వరి జీనోమ్‌లోనూ ఒకే పాఠం మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడి ముక్క ఏ చోటిదో ఎవరూ చెప్పలేరు. బీడబ్ల్యూఏ అప్పుడు ఒక చోట పెడుతుంది కానీ దాని పక్కన నమ్మకం అంకె 0 అని రాస్తుంది. 20 ఉంటే తప్పయ్యే అవకాశం వందలో ఒకటి, 30 ఉంటే వెయ్యిలో ఒకటి. ఈ అంకె చూడకుండా ఫలితం నమ్మకూడదని మీ అన్నయ్యకు నా మాటగా చెప్పు.

ఈ సాఫ్ట్‌వేర్లను ఇన్‌స్టాల్ చేయడం దగ్గరే చాలామంది విసిగిపోతారు. ఒక ప్రోగ్రాం ఇంకో నాలుగు చిన్న ప్రోగ్రాంల మీద ఆధారపడుతుంది. ఒకదానికి పాత వెర్షన్ కావాలి, ఇంకోదానికి కొత్తది. రెండూ ఒకేచోట ఉంటే ఒకటి పాడవుతుంది. కాండా అనే సాధనం ఒక్కో పనికి ఒక్కో గది కట్టి ఇస్తుంది. బయోకాండా అనే గిడ్డంగి నుంచి బీడబ్ల్యూఏని, దాని ఫలితాల ఫైళ్లను సర్దే సామ్‌టూల్స్‌ని ఆ గదిలోకి తెచ్చుకుంటే చాలు. విండోస్ ల్యాప్‌టాప్ అయితే ముందు డబ్ల్యూఎస్‌ఎల్‌తో లోపల లినక్స్ పెట్టుకోవాలి.

ఆర్‌ఎన్‌ఏ ముక్కలకు మాత్రం బీడబ్ల్యూఏ పనికిరాదు. సినిమాలో ఎడిటర్ అక్కర్లేని షాట్లు కోసేసి మిగిలినవి అతికిస్తాడు. జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారయ్యేటప్పుడు కూడా మధ్యలోని ఇంట్రాన్లు అనే భాగాలు తెగిపోయి మిగతావి అతుక్కుంటాయి. అతుకు మీద పడిన ముక్కలో సగం ఒకచోట, మిగతా సగం వందల అక్షరాల అవతల దొరుకుతుంది. ఆ గెంతు తెలిసిన సాఫ్ట్‌వేర్లు హైసాట్2, స్టార్. హైసాట్2 ఎవరూ మార్చకపోతే ఇంట్రాన్ 5 లక్షల అక్షరాల దాకా ఉండొచ్చనుకుంటుంది. వరి ఇంట్రాన్లు చాలా పొట్టివి. ఆ హద్దును కొన్ని వేలకు తగ్గించకపోతే సంబంధం లేని రెండు చోట్లను కలిపేసే ప్రమాదం ఉంది.

ఒకసారి ఏ జన్యువు మీద ఎన్ని ముక్కలు పడ్డాయో లెక్కిస్తే, నా ఫలితంలో జన్యువులన్నిటికీ సున్నా వచ్చింది. తప్పు జరిగినట్టు ఒక్క హెచ్చరికా లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది: రెఫరెన్స్ ఫైల్లో క్రోమోజోమ్ పేరు ఉత్త ‘1’ అని ఉంది, జన్యువుల జాబితాలో ‘క్రో1’ అని ఉంది. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. రెండు ఫైళ్లనూ ఒకేచోటి నుంచి, ఒకే వెర్షన్‌లో తెచ్చుకోవాలని ఆ రోజు నుంచి విద్యార్థులకు చెబుతున్నాను.

ఇక మీ అన్నయ్య వరి సంగతి. హైదరాబాద్ శాస్త్రవేత్తలు సాంబ మసూరిలోకి మూడు తెగులు నిరోధక జన్యువులు తెచ్చారు. వాటిలో ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. నిప్పన్‌బారేలో దానికి సొంత చోటు లేదు. కాబట్టి దాని ముక్కలు కొన్ని ఎక్కడా అతకకుండా మిగులుతాయి, కొన్ని పోలిక ఉన్న చుట్టపు జన్యువు మీదికి పోయి చేరతాయి. రెఫరెన్స్‌లో లేనిదాన్ని మ్యాపింగ్ చూపలేదు. అతకని ముక్కలను పారేయకుండా వేరే ఫైల్లో దాచుకొమ్మని చెప్పు.

మరో జన్యువు ఎక్స్‌ఏ5 మాత్రం నేరుగా కనిపిస్తుంది. పని ముగిశాక ఫలితాన్ని ఐజీవీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఐదో క్రోమోజోమ్‌లో ఆ చోటు చూపించమను. బూడిద రంగు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో పట్టీ ఒక్కో ముక్క. వాటన్నిటి మీదుగా పక్కపక్కనే రెండు అక్షరాలు రంగుల్లో నిలువుగా దిగుతాయి. ఎండాకు తెగులును తట్టుకోవడంలో ఎక్స్‌ఏ5 వంతు శక్తి అంతా ఆ రెండు అక్షరాల తేడాలోనే ఉంది.