షార్ చెప్పే కొసైన్ లెక్క

సూళ్లూరుపేట దాటి తూర్పుకు తిరిగితే పులికాట్ సరస్సు మీదుగా రోడ్డు శ్రీహరికోటకు పోతుంది. అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రం షార్ గేటు దగ్గర కదలకుండా నిలబడి ఉన్నా మీరు సెకనుకు 452 మీటర్ల వేగంతో తూర్పుకు సాగుతూనే ఉంటారు. అంటే గంటకు 1,627 కిలోమీటర్లు. భూమి మనల్ని మోసుకుని తిరుగుతోంది కదా. అక్కడి నుంచి తూర్పుకు ఎగిరే రాకెట్టుకు ఈ వేగమంతా ఊరికే దక్కుతుంది. భూమికి దగ్గరి కక్ష్యలో నిలవాలంటే సెకనుకు సుమారు 7,800 మీటర్లు కావాలి. అందులో దాదాపు 6 శాతం నిప్పు రాజేయకముందే చేతికొచ్చినట్టే.

ఈ 452 పదో తరగతి త్రికోణమితిలోంచే వస్తుంది.

శ్రీహరికోట అక్షాంశం 13.7 డిగ్రీలు. భూమి కేంద్రం నుంచి షార్ దాకా ఒక గీత గీశామనుకోండి. అది కర్ణం, పొడవు 6,378 కి.మీ. షార్ నుంచి భూమధ్యరేఖ తలం మీదికి లంబం దించితే లంబకోణ త్రిభుజం తయారవుతుంది. కేంద్రం దగ్గరి కోణం 13.7°, దాని ఆసన్న భుజం కర్ణానికి 0.9715 వంతు, అంటే 6,196 కి.మీ. రోజూ శ్రీహరికోట చుట్టి వచ్చే వృత్తానికి వ్యాసార్ధం ఇదే. దాని చుట్టుకొలత సుమారు 38,930 కి.మీ. దాన్ని భూమి ఒక చుట్టు తిరిగే 23 గంటల 56 నిమిషాలతో భాగిస్తే సెకనుకు 452 మీటర్లు తేలుతుంది.

ఇదే త్రిభుజాన్ని నోటుబుక్కులో 10 సెంటీమీటర్ల కర్ణంతో గీయండి. ఆసన్న భుజం 9.7, ఎదుటి భుజం 2.4 సెంటీమీటర్లు వస్తాయి. కర్ణంతో వాటి నిష్పత్తులు అవే: మొదటిది కొసైన్, రెండోది సైన్. భూగోళమైనా నోటుబుక్కు పేజీ అయినా నిష్పత్తికి కావలసింది కోణం ఒక్కటే. పిల్లలకు ముందుగా మనసుకు ఎక్కాల్సింది ఇదేనని నా నమ్మకం.

భూమధ్యరేఖ మీద భూమి వేగం సెకనుకు 465 మీటర్లు. 90 డిగ్రీల్లో 13.7 అంటే 15 శాతం. వేగం కూడా 15 శాతం తగ్గాలి అనిపిస్తుంది. కానీ తగ్గింది 3 శాతం లోపే! సున్నా దగ్గర కొసైన్ మెల్లగా దిగుతుంది, 90కి చేరువయ్యేకొద్దీ జారిపోతుంది. చివరి 13.7 డిగ్రీల్లో, అంటే 76.3 నుంచి 90 దాకా, అది 0.237 నుంచి సున్నాకు పడుతుంది. మొదటి 13.7 డిగ్రీల్లో పోయినదానికి ఇది ఎనిమిది రెట్లు. ఆ 0.237 మరేదో కాదు, సైన్ 13.7°. పూరక కోణాల సూత్రం ఇక్కడ కళ్లకు కడుతుంది.

కొసైన్ ఇంత నిలకడగా ఎందుకుందో వర్గాలు చెబుతాయి. 0.237 వర్గం 0.056, 0.9715 వర్గం 0.944. రెండూ కలిపితే 1. సైన్ చిన్నదైతే దాని వర్గం మరీ చిన్నది, కొసైన్ నుంచి అది లాక్కోగలిగేది కొంచెమే. ఈ సైన్‌ను 499లోనే ఆర్యభటుడు 24 విలువల పట్టికగా ఇచ్చాడు. ఆయన వాడిన మాట జ్య, అంటే అల్లెతాడు. అరబ్బుల ద్వారా లాటిన్‌కు చేరి అదే సైన్ అయింది.

ఇంకో ధర్మం ఉంది, అది ఖరీదైనది. సైన్ గానీ కొసైన్ గానీ 1 దాటవు. కక్ష్య భూమధ్యరేఖకు ఎంత వాలి ఉంటుందో స్థూలంగా ఒక గుణకారం చెబుతుంది: వాలు కొసైన్ అంటే ప్రయోగ స్థలం అక్షాంశం కొసైన్‌ను ప్రయోగ దిశ సైన్‌తో గుణించగా వచ్చేది. దిశను ఉత్తరం నుంచి కొలవాలి. సరిగ్గా తూర్పుకు వదిలితే సైన్ 90° గనక 1, అంతకు మించి రాదు. లబ్ధం 0.9715 దగ్గరే ఆగుతుంది, వాలు 13.7° కంటే తగ్గదు. కానీ 35,786 కి.మీ. ఎత్తున ఒకేచోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహానికి వాలు సున్నా కావాలి. ఆ తేడాను పైకి వెళ్లాక ఇంధనం కాల్చి సరిచేయాల్సిందే. ఫ్రెంచ్ గయానాలోని కౌరు కేంద్రం 5.2° దగ్గరుంది, అక్కడ సరిచేయాల్సింది తక్కువ.

ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలను మాత్రం శ్రీహరికోట నుంచి దక్షిణానికి వదలాలి. సైన్ 180° సున్నా, వాలు 90°, 452 మీటర్ల కానుక అక్కరకు రాదు. పైగా దారిలో శ్రీలంక అడ్డం, చుట్టు తిరిగి పోవాలి. చిన్న రాకెట్లకు ఆ చుట్టు తప్పించడానికే తమిళనాడులోని కులశేఖరపట్నంలో 2024 ఫిబ్రవరి 28న రెండో ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. దాని అక్షాంశం 8.4 డిగ్రీలు, కొసైన్ 0.989. శ్రీహరికోట కంటే ఎక్కువే, కానీ దాన్ని ఎంచుకున్నది కొసైన్ కోసం కాదు, దక్షిణాన పరుచుకున్న ఖాళీ సముద్రం కోసం.