వరండాలో టూయీ, కొండవాలులో డాయల్

జనవరి వచ్చిందంటే దావోస్ పేరు తెలుగు పత్రికల మొదటి పేజీకెక్కుతుంది. ప్రపంచ ఆర్థిక వేదిక సదస్సుకు ఆంధ్రప్రదేశ్ నుంచీ తెలంగాణ నుంచీ ముఖ్యమంత్రులు, మంత్రులు, అధికారులు వెళ్తారు. ఒప్పందాల ఫొటోలు వస్తాయి. ఆ ఫొటోల్లో వెనకాల కనిపించే తెల్లటి కొండవాలు మీద మాత్రం ఎవరి దృష్టీ నిలవదు. సదస్సు 1971లో మొదలైంది. అంతకు నూరేళ్ల ముందు నుంచే ఇంగ్లండు, జర్మనీ, రష్యా కుటుంబాలు చలికాలమంతా అక్కడే కాపురముండేవి. ఆ రోజుల్లో అది విహారయాత్ర కాదు. ఇంట్లో ఒకరికి క్షయ పట్టుకుంటే మిగతావాళ్లు సామాను సర్దుకుని ఆ మంచులోకి వెళ్లేవాళ్లు.

అలా వెళ్లినవాళ్లలో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కోనన్ డాయల్ కుటుంబం ఒకటి. ఆ ఇంటివాళ్లు గడిపిన చలికాలం గురించి చదివితే, ఇవాళ కోట్ల మందిని ఆల్ప్స్‌కు రప్పించే స్కీయింగ్ సంబరం ఎలాంటి ఇళ్ల నుంచి ఊపందుకుందో తెలుస్తుంది.

1893 డాయల్‌కు కలిసిరాలేదు. ఆ ఏడాది వేసవి చివర భార్య లూయిసాతో కలిసి స్విట్జర్లాండు చూసి వచ్చాడు. మైరింగెన్ దగ్గర రైకెన్‌బాఖ్ జలపాతం చూసింది అప్పుడే. హోమ్స్‌ను ఆ లోయలోనే చంపేసి కథ ముగించాడు. శరదృతువులో తండ్రి పోయాడు. అదే సమయంలో లూయిసాకు దగ్గు, పక్కటెముకల్లో నొప్పి. పరీక్ష చేసిన వైద్యులు క్షయ ముదిరిందనీ, కొన్ని నెలలకు మించి బతకడం కష్టమనీ చెప్పారు. డాయల్ స్వయంగా వైద్యుడు. పక్కనే ఉన్న మనిషిలో జబ్బును తను ముందే ఎందుకు పట్టుకోలేకపోయాడన్న ప్రశ్న ఆయన్ను వదిలిపెట్టి ఉండదు. ఇంట్లో నాలుగేళ్ల మేరీ, ఏడాది నిండిన కింగ్‌స్లీ. లండన్ ఇంటిని వదులుకుని లూయిసాను దావోస్‌కు తరలించారు. డాయల్ చెల్లెలు లాటీ వదినకు తోడుగా వెళ్లింది. ఇంట్లోవాళ్లు లూయిసాను టూయీ అని పిలిచేవాళ్లు.

ఇంతకీ దావోసే ఎందుకు?

అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే జర్మన్ యువకుడు 1848–49 విప్లవంలో పాల్గొని, దేశం విడిచి స్విట్జర్లాండు చేరి వైద్యం చదివాడు. 1853లో దావోస్‌లో పల్లె వైద్యుడిగా కుదురుకున్నాడు. అక్కడి రైతు కుటుంబాల్లో క్షయ దాదాపు కనపడకపోవడం ఆయన గమనించాడు. సముద్రమట్టానికి సుమారు 1,560 మీటర్ల ఎత్తు. మన హార్స్‌లీ కొండల కంటే కూడా ఇంకో మూడు వందల మీటర్లు పైన. చుట్టూ కొండలు చలిగాలిని అడ్డుకుంటాయి, గాలిలో తేమ తక్కువ, చలికాలంలో కూడా మంచి ఎండ. 1865 ఫిబ్రవరిలో ఇద్దరు జర్మన్ రోగులు నడి చలికాలంలో సాహసించి అక్కడికి వచ్చారు, ఇద్దరూ కోలుకున్నారు. అప్పటిదాకా ఆల్ప్స్ అంటే వేసవి మజిలీయే. మంచు పడ్డాక పైకి వెళ్లడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే అనుకునేవాళ్లు. ఆ ఇద్దరి తర్వాత ఆ అభిప్రాయం మారింది. డచ్ దేశస్థుడు హోల్స్‌బూర్ పెట్టుబడితో స్పెంగ్లర్ చికిత్సాలయం తెరిచాడు. 1890లో రైలు కూడా వచ్చేసింది.

వైద్యం చాలావరకు పడుకోవడమే. దక్షిణానికి తిరిగిన వరండాల్లో వాలుకుర్చీల వరస, ఒంటి నిండా దుప్పట్లు, గంటల తరబడి చల్లటి గాలి, ఎండ. పాలు, వెన్న, మాంసం పుష్కలంగా పెట్టేవాళ్లు. పూటపూటా జ్వరం కొలిచేవాళ్లు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ 1882లోనే బయటపెట్టాడు కానీ దాన్ని చంపే మందు అప్పటికి లేదు. మంచి తిండి, విశ్రాంతి శరీరానికి పోరాడే ఓపికనిచ్చేవి, అంతే. కొందరు తేరుకునేవాళ్లు, చాలామంది ఆ ఊరి శ్మశానంలోనే మిగిలిపోయేవాళ్లు. ఈ పద్ధతి తర్వాత మన నేలకూ వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన శానిటోరియం, వికారాబాద్ అనంతగిరి కొండల్లోని టీబీ ఆసుపత్రి ఆ నమ్మకం మీద కట్టినవే. ఎత్తయిన చోటు, చెట్ల గాలి, నెలల తరబడి విశ్రాంతి. మందు లేని రోజుల్లో రోగికి డాక్టర్లు ఇవ్వగలిగింది అదే.

రోగి సంగతి సరే. తోడొచ్చిన ఆరోగ్యవంతుల మాటేమిటి? ఆరు నెలల మంచు. నాటకశాలలు లేవు, ఆఫీసులు లేవు, చుట్టాలు లేరు. మంచం పక్కన కూర్చుంటే దిగులు, బయటికి పోతే మనసు ఇంటి మీదే. ఈ అవస్థలోంచే ఆటలు పుట్టాయి. డాయల్ కంటే పదమూడేళ్ల ముందు, 1880లో, రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తన ఊపిరితిత్తుల జబ్బుతో భార్య ఫానీ, ఆమె కొడుకు లాయిడ్, ఒక కుక్కపిల్లతో దావోస్ వచ్చాడు. అప్పటికి రైలు లేదు, లోయంతా గుర్రాలు లాగే మంచుబండిలో రావాలి. రెండు చలికాలాలు అక్కడ గడిపారు. పన్నెండేళ్ల లాయిడ్ దగ్గర బొమ్మ ముద్రణ యంత్రం ఉండేది. సవతి తండ్రి పద్యాలు రాసి, చెక్క మీద బొమ్మలు చెక్కి ఇస్తే, పిల్లవాడు చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చువేసి హోటల్లోని వాళ్లకు అమ్మేవాడు. 'ట్రెజర్ ఐలండ్' నవల చివరి భాగం రాసింది రెండో చలికాలం ఆరంభంలో అక్కడే. రాత్రిపూట చిన్న మంచుబండి మీద ఒంటరిగా వాలు దిగడమంటే స్టీవెన్సన్‌కు మహా ఇష్టం. అక్కడే స్థిరపడ్డ మరో రోగి, ఆంగ్ల రచయిత జాన్ ఆడింగ్టన్ సైమండ్స్ 1883లో దావోస్ నుంచి క్లోస్టర్స్ దాకా మంచుబండి పందెం పెట్టించాడు. కానీ అప్పటికి అక్కడ స్కీలు వాడుకలోకి రాలేదు.

స్కీలు నార్వేవి. అక్కడ వేల ఏళ్లుగా మంచులో నడవడానికి, వేటకు, పక్క ఊరికి పోవడానికి అవే సాధనం. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ స్కీల మీద గ్రీన్‌లాండును అడ్డంగా దాటడంతో యూరప్ అంతా వాటి గురించి మాట్లాడుకుంది. దావోస్‌లో టోబియాస్, యోహానెస్ బ్రాంగర్ అనే అన్నదమ్ములు ఒక జత తెప్పించుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఊరివాళ్లు నవ్వుతారని చీకటి పడ్డాక సాధన చేసేవాళ్లట. 1893లో మైయెన్‌ఫెల్డర్ ఫుర్కా అనే కనుమ మీదుగా స్కీల మీద పక్క లోయలోని అరోసా చేరుకున్నారు.

డాయల్ నార్వే నుంచి తనకోసం స్కీలు తెప్పించుకున్నాడు. దాదాపు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పున్న చెక్కబద్దలు అవి. ముందు కొన పైకి వంగి ఉంటుంది, మధ్యలో బూటు బిగించే తోలుపట్టీ. ఇవాళ్టి బూట్లలా మడమ కదలకుండా పట్టే ఏర్పాటేమీ లేదు. చేతిలో పొడవాటి కర్ర ఒకటి. మెత్తటి మంచులో మామూలుగా నడిస్తే తొడల దాకా దిగబడతాం. అదే బరువు ఎనిమిది అడుగుల బద్ద మీద పరుచుకుంటే మంచు మోస్తుంది. పైకెక్కేటప్పుడు ఏటవాలుగా, అటొకసారి ఇటొకసారి మలుపులు తిరుగుతూ పోవాలి. కిందికి దిగడం నేర్చుకోవడానికే ఎముకలు విరుగుతాయి. ఆరడుగుల పైచిలుకు భారీ మనిషి, క్రికెట్, బాక్సింగ్ ఆడినవాడు, ముప్ఫై నాలుగేళ్ల వయసులో రోజూ పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. ఓ రోజు బ్రాంగర్లతో కలిసి ఊరి పక్కనే ఉన్న యాకోబ్స్‌హోర్న్ శిఖరం ఎక్కితే, కింద ఊళ్లో జెండాలు దించి ఎత్తి వాళ్లకు వందనం చేశారు.

1894 మార్చి 23న ముగ్గురూ అరోసాకు బయల్దేరారు. తెల్లవారుజామున నాలుగున్నర, ఆకాశంలో ఇంకా చంద్రుడు. అంత పొద్దున్నే ఎందుకంటే, మార్చి ఎండకు మధ్యాహ్నమయ్యేసరికి మంచు మెత్తబడుతుంది, వాలు మీదినుంచి చరియలుగా విరిగిపడుతుంది. రాత్రి గడ్డకట్టిన మంచు కరగకముందే ప్రమాదమున్న చోట్లు దాటేయాలి. కనుమ ఎత్తు సుమారు 2,440 మీటర్లు. ఆ కాలంలో అరోసాకు రైలు లేదు, అది 1914లో గానీ రాలేదు. చలికాలంలో దావోస్ నుంచి అక్కడికి పోవాలంటే కొండల చుట్టూ తిరిగి కూర్ పట్టణం మీదుగా బండిలో పోవాలి. వీళ్లు నేరుగా కొండ దాటుతున్నారు.

ఎక్కడం కంటే దిగడం ఎక్కువ కష్టమైంది. ఒకచోట వాలు మరీ నిటారుగా ఉండటంతో బ్రాంగర్లు స్కీలు విప్పి, రెంటినీ కలిపి కట్టి, వాటి మీద కూర్చుని జారిపోయారు. డాయల్ అలాగే చేయబోతే ఆయన స్కీలు చేయి జారి ఆయన్ను వదిలేసి కిందికి దూసుకుపోయాయి. ఇక చేసేదేముంది, కూర్చునే జారాడు. ఎంత జారినా చిరగని ట్వీడ్ బట్ట అని దర్జీ చెప్పిన ప్యాంటు సంగతి ఆ రోజుతో తేలిపోయిందని తర్వాత తనే సరదాగా రాసుకున్నాడు. పదకొండున్నరకు అరోసా చేరారు. ఒంటిగంటలోపు రాలేరని లెక్కవేసుకున్న ఊరివాళ్లు వీళ్ల రాక చూడాలని బయటికి వచ్చేసరికి, వీళ్లు హోటల్లో భోజనం ముగిస్తున్నారు. ఆ హోటల్ పుస్తకంలో డాయల్ వృత్తి ఎదురుగా టోబియాస్ ఆటగాడు అని రాశాడు. ఆ గౌరవం గురించి డాయల్ తర్వాత రాసుకున్నాడు.

ఆ వేళ టూయీ దావోస్‌లోనే ఉంది. భార్య మంచాన ఉంటే భర్త కొండల్లో తిరగడమేమిటని ఈ కథ విన్నవాళ్లకు అనిపించవచ్చు. నాకలా అనిపించదు. దీర్ఘరోగం ఉన్న ఇంట్లో నెలల తరబడి గడిపిన వారెవరికైనా తెలుసు: చూసుకునే మనిషి ఊపిరి పీల్చుకోకపోతే రోగికీ ఊపిరాడదు. డాయల్ ఆ చలికాలాల్లో విపరీతంగా రాశాడు. బ్రిగేడియర్ జెరార్డ్ కథల్లో కొన్ని దావోస్ రోజుల్లోనివే. సంపాదన ఆగకూడదు, ఎందుకంటే ఆ వైద్యం డబ్బున్నవాళ్లకే అందేది. లండన్ మురికివాడల్లో అదే జబ్బుతో అదే ఏడాది చనిపోయిన వేల మందికి ఈ ఎండా, ఈ పాలూ, ఈ వరండా దక్కలేదు. ఆ సంగతి మరిచిపోయి దావోస్ గురించి మాట్లాడటం న్యాయం కాదు.

టూయీ బతికింది. కొన్ని నెలలన్న వైద్యుల మాట దాటి, 1895–96 చలికాలం ఈజిప్టులో గడిపి, ఇంగ్లండులో హైండ్‌హెడ్ కొండగాలిలో ఆమెకోసమే కట్టించిన ఇంట్లో కాపురం చేసి, 1906 జులైలో కన్నుమూసింది. పిల్లలిద్దరూ అమ్మ చేతుల్లో పెరిగారు. కొండ గాలే కాపాడిందని అనలేం, క్షయ ఒక్కో మనిషిలో ఒక్కోలా నడుస్తుంది. కానీ ఆ పన్నెండేళ్లు నిజం.

అరోసా ప్రయాణం గురించి డాయల్ వ్యాసం 1894 డిసెంబరులో 'స్ట్రాండ్' పత్రికలో వచ్చింది. హోమ్స్ కథల కోసం లక్షల మంది ఎదురుచూసే పత్రిక అది. స్కీయింగ్ కోసం ఇంగ్లండు నుంచి వందల మంది స్విట్జర్లాండుకు వచ్చే రోజు వస్తుందని అందులో జోస్యం చెప్పాడు. స్విస్ దేశానికి స్కీలు తెచ్చిన మొదటివాడు డాయలేనని కొందరంటారు, అది సరికాదు. బ్రాంగర్లు ఆయన కంటే ముందున్నారు, గ్లారుస్ ప్రాంతంలో క్రిస్టోఫ్ ఇసెలిన్ బృందం 1893 జనవరిలోనే ప్రాగెల్ కనుమ దాటింది. జనంలోకి తీసుకెళ్లింది మాత్రం డాయల్ కలమే.

ఆ జోస్యాన్ని వ్యాపారంగా మార్చిన కుటుంబానికి మన మద్రాసుతో బంధుత్వముంది. వైద్యుడూ మెథడిస్టు మిషనరీ అయిన హెన్రీ లన్ మద్రాసులో ఉండగా 1888లో ఆయనకు ఆర్నల్డ్ అనే కొడుకు పుట్టాడు. ఇంగ్లండు తిరిగి వెళ్లాక హెన్రీ యాత్రలు నడిపే కంపెనీ పెట్టి, ఆల్ప్స్‌కు చలికాలపు ప్రయాణాలు మొదలుపెట్టాడు. పదేళ్ల ఆర్నల్డ్ ఫ్రాన్స్‌లోని షామొనీలో స్కీలు కట్టుకున్నాడు. అప్పటికి పందెమంటే కొండల్లో దూరం పరుగెత్తడం, గాల్లోకి దూకడం. మలుపులు తిరగడంలో నేర్పును అందానికి మార్కులేసి చూసేవాళ్లు. జెండాల మధ్యగా మలుపులు తిరుగుతూ ఎవరు త్వరగా దిగితే వారే గెలిచినట్టని ఆర్నల్డ్ 1922లో మ్యూరెన్ గ్రామంలో నిబంధన పెట్టాడు. ఇవాళ్టి స్లాలమ్ పందెం అదే. 1936 ఒలింపిక్స్‌లో ఇలా వాలు దిగే పోటీలను తొలిసారి చేర్చినప్పుడు బ్రిటిష్ జట్టు నాయకుడు ఆర్నల్డ్ కొడుకు పీటర్. తాత, తండ్రి, మనవడు.

దావోస్‌లో 1934లో ఎర్నస్ట్ కాన్‌స్టమ్ రూపొందించిన లాగుడు లిఫ్టు పనిచేయడం మొదలుపెట్టింది. బోల్గెన్ వాలు మీద కడ్డీ పట్టుకుని నిలబడితే తాడు పైకి లాక్కుపోతుంది. గంటల తరబడి ఎక్కి ఒక్కసారి దిగే రోజులు పోయి, పిల్లలు కూడా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దిగుతూనే ఉండే రోజులొచ్చాయి. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నారు. క్షయకు మందు దొరికాక కొండల మీది శానిటోరియంలు ఖాళీ అయ్యాయి. 1900లో ఊరికి పైన షాట్స్‌ఆల్ప్ మీద కట్టిన పెద్ద శానిటోరియం 1950ల్లో హోటల్‌గా మారింది. దక్షిణానికి తిరిగిన వరండాలు దానికి ఇప్పటికీ ఉన్నాయి. ఆ గదుల్లో ఇప్పుడు దిగేది స్కీలు వెంటబెట్టుకుని పిల్లాపాపలతో సెలవులకు వచ్చే కుటుంబాలు.