గగౌజుల ఇంటిభాష

మొల్డోవా దేశపు దక్షిణభాగాన బుజాక్ అనే మెట్టసీమ ఒకటి ఉన్నది. అక్కడ చెట్టుచేమ తక్కువ, నీటి ఎద్దడి ఎక్కువ. ద్రాక్షతోటలు, పొద్దుతిరుగుడు చేలు తప్ప కంటికి ఆనేవి అరుదు. ఈ సీమలోని కోమ్రాత్ పట్టణం, దాని చుట్టుప్రక్కల పల్లెలు గగౌజులనే చిన్న జాతికి నివాసం. వీరు ప్రాచ్య సంప్రదాయానికి చెందిన క్రైస్తవులు. మాట్లాడే భాష మాత్రం తురుష్క కుటుంబంలోనిది. ఇస్తాంబుల్ వీథులలో వినిపించే భాషకు తోడబుట్టినది. అందువలన చదువరులకు వింతగా తోచే సంగతి ఒకటి జరుగుతుంది. చర్చిలో ప్రతిమ ముందు నిలిచి సిలువ గుర్తు వేసుకొనే గగౌజు ముదుసలి భగవంతుని 'అల్లా' అనే పిలుస్తుంది. ఉపవాసానికి ఆమె వాడే మాట 'ఒరుచ్'. మతం ఒక దిక్కు నుండి, మాట మరొక దిక్కు నుండి వచ్చి ఒకే ఇంట కాపురం చేస్తున్నవి.

వీరి పుట్టుపూర్వోత్తరాలను గూర్చి పండితులు చేసిన ఊహలు అనేకం. ఆ తగవు ఇక్కడ అప్రస్తుతం. పద్దెనిమిదవ శతాబ్దపు చివర, పందొమ్మిదవ శతాబ్దపు మొదట రష్యా, తురుష్క సామ్రాజ్యాల మధ్య జరిగిన యుద్ధాల కాలంలో వీరు బల్గేరియా ప్రాంతం నుండి వచ్చి బుజాక్‌లో స్థిరపడ్డారన్నది అందరూ ఒప్పుకొన్నదే. తరువాత వీరు అక్కడనే ఉన్నారు. ఏలుబడి మాత్రం మారుతూ వచ్చినది. 1812లో ఆ నేల రష్యా చక్రవర్తి వశమైనది. 1918లో రుమేనియాలో కలిసినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం సోవియట్ యూనియన్‌లో స్థిరపడి, 1991 ఆగస్టు 27న స్వతంత్ర మొల్డోవాలో భాగమైనది.

ప్రభుత్వం మారినప్పుడల్లా దెబ్బ తగిలినది భాషకే. గగౌజుకు వ్రాత ఆలస్యంగా వచ్చినది. 1861లో జన్మించిన మిహాయిల్ చాకిర్ అనే పురోహితుడు 1907 నాటికి ప్రార్థనలను, పవిత్రగ్రంథ భాగాలను గగౌజులోనికి తెచ్చి అచ్చువేయించడానికి పూనుకొన్నాడు. 1934లో గగౌజుల చరిత్రను గగౌజు భాషలోనే వెలువరించాడు. 1938లో నిఘంటువును ప్రకటించి, ఆ సంవత్సరమే కన్నుమూశాడు. ఒక భాషకు ప్రార్థనను, చరిత్రను, నిఘంటువును ఒక్క చేతితో సమకూర్చిన ఇట్టి వారు ఏ దేశంలోనైనా కొద్దిమందే. ఐతే ఆయన మొదటి పుస్తకాలు రష్యన్ అక్షరాలలోను, చివరివి రుమేనియా పద్ధతి లాటిన్ అక్షరాలలోను ఉన్నవి. 1957లో సోవియట్ ప్రభుత్వం గగౌజుకు మరల రష్యన్ లిపిని నిర్ణయించినది. కొన్ని పాఠశాలలలో ఆ భాషలో బోధన కూడ మొదలైనది. కాని మూడు నాలుగేళ్లు గడవకముందే, 1960ల ఆరంభంలో, ఆ బోధన ఆగిపోయినది. 1990లలో టర్కీ అక్షరమాలకు మరికొన్ని అక్షరాలు చేర్చి కొత్త లాటిన్ లిపిని స్వీకరించారు. నూరేళ్లు తిరగక మునుపే మూడు మార్పులు! 1958లో బడికి వెళ్లిన అవ్వ పుస్తకం, ఆమె మనుమరాలి పుస్తకం ఒకే భాషలోనివైనా వాటి అక్షరాలు వేరు.

1989 ఆగస్టు 31న మొల్డోవా శాసనసభ మొల్డోవా భాషను రాజ్యభాషగా ప్రకటించి, దానికి లాటిన్ లిపిని తిరిగి ఇచ్చినది. రష్యన్ ప్రాబల్యం క్రింద నలిగిన మొల్డోవా ప్రజలకు అది పండుగ. వారి ఆనందం న్యాయమైనదే. కాని గగౌజులలో ఆ భాష తెలిసినవారు అతి స్వల్పం. వారు కార్ఖానాలో, కార్యాలయంలో, బడిలో నేర్చినది రష్యన్. రాజ్యభాష రానివారికి రేపు ఉద్యోగం ఉండదన్న భయం పల్లెపల్లెకు ప్రాకినది. నిన్నటిదాకా అణగి ఉన్న భాష రాజ్యభాష కాగానే, దానికంటె చిన్న భాషవారు దానిని చూచి జంకవలసి వచ్చినది. 1990 ఆగస్టులో గగౌజు నాయకులు ప్రత్యేక రిపబ్లిక్‌ను ప్రకటించారు. దేశపు తూర్పు అంచున, ద్నీస్తర్ నది ఒడ్డున, ఇటువంటి తగవే 1992లో యుద్ధమై వందలమందిని పొట్టన పెట్టుకొన్నది. గగౌజుల తగవు మాత్రం మాటలతో తీరినది. 1994 డిసెంబరు 23న మొల్డోవా శాసనసభ వారికి స్వయంపరిపాలనను ఇచ్చినది. ఈ విషయంలో ఉభయపక్షాల వివేకాన్ని ఎంత మెచ్చుకొన్నా తక్కువే. ఆ చట్టం ప్రకారం గగౌజు సీమకు ఒక ప్రజాసభ, 'బష్కాన్' అనే ఎన్నికైన అధిపతి ఉంటారు. మొల్డోవా, గగౌజు, రష్యన్ మూడును అధికార భాషలు.

కాగితం మీద ఇంతకంటె కోరవలసినది ఏమున్నది? కాని చట్టం చేతికి వచ్చిననాడు ఖజానాలో డబ్బు లేదు. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిమ్మట మొల్డోవా పడిన పాటు యూరపులో బహుకొద్ది దేశాలు పడినవి. 1999 నాటికి దేశపు ఉత్పత్తి పదేళ్ల క్రిందటి దానిలో సుమారు మూడోవంతుకు దిగజారినది. సమష్టి వ్యవసాయ క్షేత్రాలు విచ్చిపోయి, రైతుల చేతికి హెక్టారు, రెండు హెక్టార్ల చిన్న కమతాలు వచ్చినవి. ట్రాక్టరు రాలేదు, ఎరువు రాలేదు. జీతాలు, పింఛనులు నెలల తరబడి నిలిచిపోయినవి. డబ్బుకు బదులు సరకులు ముట్టిన సందర్భాలున్నవి. పల్లెలలో గంటల కొద్దీ కరెంటు ఉండేది కాదు. 1998లో రష్యా రూబుల్ కూలినప్పుడు ఆ దేశపు అంగడిని నమ్ముకొన్న మొల్డోవా సరకు కూడ కూలినది. 2006లో రష్యా మొల్డోవా ద్రాక్షసారాయిని నిషేధించగా, ద్రాక్షయే ఆధారమైన దక్షిణసీమకు దిక్కు తోచలేదు.

ఇట్టి స్థితిలో పాఠ్యపుస్తకాలు ఎవరు వ్రాస్తారు, ఎవరు అచ్చువేస్తారు? గణితానికి, రసాయన శాస్త్రానికి గగౌజులో పరిభాషను కల్పించే పండితునికి జీతం ఎవరిస్తారు? రష్యన్ పుస్తకాలు సిద్ధంగా ఉన్నవి, ఉపాధ్యాయులు సిద్ధంగా ఉన్నారు. అందువలన బడులలో బోధన రష్యన్‌లోనే నిలిచినది. గగౌజు వారానికి కొద్ది గంటల పాఠమైనది. 1991లో కోమ్రాత్‌లో వెలసిన విశ్వవిద్యాలయంలో కూడ రష్యన్‌దే పైచేయి. ప్రజాసభలో చర్చలు సాగేది అధికంగా రష్యన్‌లోనే. 1988లో తోదుర్ జానెత్ సంపాదకత్వాన మొదలైన 'అనా సోజు' అనే పత్రిక ఒక్కటి పూర్తిగా గగౌజు భాషలో వెలువడుతూ ఒంటరి దీపంలా నిలిచినది. ఆ పేరుకు 'తల్లి మాట' అని అర్థం.

తల్లిదండ్రులను తప్పు పట్టుట సులభం. 'మీ భాష మీ పిల్లలకెందుకు నేర్పరు?' అని దూరపువారు అడుగుతారు. కాని ఆ తండ్రి లెక్క వేరు. బిడ్డ మాస్కోకు పోయి తాపీపని చేసుకోవాలన్నా రష్యన్ కావాలి. రాజధాని కిషినేవ్‌లో పై చదువు, ప్రభుత్వోద్యోగం కావాలంటే రాజ్యభాష కావాలి. ఆ రాజ్యభాషకు 2023లో శాసనసభ చట్టాలన్నిటా 'రుమేనియన్' అనే పేరును స్థిరపరచినది. ఇక గగౌజు ఎక్కడ అన్నం పెడుతుంది? అధికార భాష అన్న బిరుదు చాలదు. ఆ భాష చదివినవానికి ఒక కుర్చీ, ఒక నెలజీతం చూపినప్పుడే తండ్రి లెక్క మారుతుంది. మొల్డోవా 2002లో యూరపు ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఒప్పందంపై సంతకం చేసినది. ఇరవై ఏళ్లు గడచినా దానిని ధ్రువీకరించలేదు. గగౌజు రష్యన్ నీడలో క్షీణిస్తుంటే కిషినేవ్ పాలకులు రష్యన్‌ను నిందించారు. కోమ్రాత్ నాయకులు కిషినేవ్‌ను నిందిస్తూ, ఆ నిందను కూడ రష్యన్‌లోనే పలికారు. యునెస్కో గగౌజును అంతరించే ప్రమాదంలో ఉన్న భాషల పట్టికలో చేర్చినది.

గగౌజు ఎక్కడా అన్నం పెట్టదన్నమాట పూర్తిగా నిజం కాదు. 1990ల చివర ఆకలి ఊరు విడిపించినప్పుడు మగవారు అధికంగా మాస్కో దారి పట్టగా, స్త్రీలు ఇస్తాంబుల్ బస్సు ఎక్కారు. అక్కడి సంపన్న గృహాలలో ఇంటిపనికి, ముసలివారి సేవకు, పసిపిల్లల పెంపకానికి మనుషులు కావాలి. ఇతర దేశాల స్త్రీలు నెలల తరబడి శ్రమించి నేర్వవలసిన భాష గగౌజు స్త్రీ నాలుక మీద పుట్టుకతోనే ఉన్నది. యాస వేరు, కొన్ని మాటలు వేరు. కాని మొదటిరోజు నుండే యజమానురాలి మాట ఆమెకు, ఆమె మాట యజమానురాలికి తెలుస్తుంది. కోమ్రాత్ కార్యాలయంలో నోరెత్తని భాష బోస్ఫరస్ తీరాన కూలి సంపాదించి పెట్టినది. పనికి అనుమతి పత్రాలు లేక, గడువు దాటిన వీసాతో, పోలీసు కంటపడకుండ దినాలు గడిపినవారు వారిలో ఎందరో. వారు పంపిన డబ్బే పల్లెలలో ఇంటికి కప్పు, పొయ్యిలో నిప్పు అయినది. 2006 నాటికి వలసపోయినవారు పంపే సొమ్ము మొత్తం మొల్డోవా జాతీయాదాయంలో సుమారు మూడోవంతు.

భాషను బిడ్డకు అందించేది పాఠశాల కానిచోట తల్లియే. ఆ తల్లి ఇంట లేదు. ఆరు నెలలకో, సంవత్సరానికో ఒకమారు వచ్చి పోతుంది. అవ్వ ఉన్న ఇంట గగౌజు కొంత మిగిలినది. అవ్వ లేని ఇంట టెలివిజన్, బడి, వీధి కలిసి పిల్లవానికి రష్యన్ నేర్పినవి. 1989లో మొల్డోవాలో గగౌజులు 1,53,000 మంది ఉండగా వారిలో నూటికి తొంభైకి పైగా తమ మాతృభాష గగౌజు అని చెప్పారు. 2014 నాటి లెక్కలో గగౌజుల సంఖ్యయే 1,26,000కు తగ్గినది. దేశం మొత్తం మీద జనం క్షీణించి, 2024 నాటికి 24 లక్షలైనారు.

ఇస్తాంబుల్‌లో పెరుగుతున్న టర్కీ పసివానికి అన్నం కలిపి పెడుతూ ఆ స్త్రీ చెప్పే కబుర్లు తన తల్లి తనకు చెప్పిన మాటలలోనే సాగుతవి. రాత్రి పని ముగిసి ఇంటికి ఫోను చేసినప్పుడు బిడ్డ రష్యన్‌లో జవాబు చెబుతుంది. ఆమె కూడ రష్యన్‌లోనికి మారుతుంది. నిమిషానికి ఇంత అని ఖర్చయ్యే ఫోనులో బిడ్డకు భాష దిద్దుతూ కూర్చునే తీరిక ఎవరికి ఉంటుంది?